బల్లి కాదు, కప్పకు చుట్టం

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, మాంట్రియల్ ఆసుపత్రిలో నా భార్య చనిపోయింది. చాలామంది ఫోన్ చేశారు. ఎక్కువమంది ఇక్కడ చదువుకుంటున్న మన పిల్లలే. ఎవరికీ సరిగా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పని అడవిలో. అపలాచియన్ కొండల వరస అమెరికా సరిహద్దు దాటి మా వైపుకీ వస్తుంది. అక్కడ ఒక కలప కంపెనీ అడవిలో, చెట్లు కొట్టిన చోట సాలమాండర్లు ఎలా బతుకుతున్నాయో పరిశోధించేది. చూడటానికి బల్లిలా ఉండే, చూపుడువేలంత ప్రాణులు. తడి ఆకుల కింద ఉంటాయి. ఆమె నేల మీద చెక్కపలకలు పరిచి వదిలేసేది. కింద చల్లగా ఉంటుందని అవి వచ్చి చేరేవి. పలక లేపడం, చూడటం, మళ్ళీ దించడం, అంతే పని. "లేపడం ఎవరైనా లేపుతారు. దించడమే నేర్చుకోవాలి" అనేది.

అడవి కొట్టొద్దని ఆమె ఎప్పుడూ అనలేదు. మనం ఉంటున్నది చెక్క ఇంట్లోనే కదా అనేది. ఒక్క చోటు మాత్రం అడిగింది. పల్లంలో ఒక నీటి ఊట ఉంది. దాని చుట్టూ పెద్ద మేపుల్ చెట్లు. ఆ నీడ పోతే ఊట దగ్గర నేల ఎండిపోతుంది, నేల ఎండితే ఆ ప్రాణులు పోతాయి. ఆ చెట్లు ఉంచమని కంపెనీ మేనేజరును అడిగింది. "చూద్దాం మదామ్" అన్నాడు. చెడ్డవాడు కాదు. పైనుంచి మాట రావాలి.

మన పిల్లలు కాలేజీలకు వెల్లువలా వచ్చిన ఏళ్ళవి. పార్ట్‌టైమ్ పని దొరక్క బేస్‌మెంట్లలో ముడుచుకుని కూర్చునేవాళ్ళు. వేసవిలో ఆమె కొందరిని పనికి తీసుకునేది. కారు నేను నడిపేవాణ్ణి. మొదట వచ్చింది కరీంనగర్ అమ్మాయి. తొలి పలక లేపగానే ఒక సాలమాండర్ జారి ఆ అమ్మాయి కాలి మీద పడింది.

"ఆంటీ! బల్లి పడ్డది! కాలు మీద పడితే ఏమైతది?"

"ప్రయాణం. కెనడా వచ్చేశావుగా, ఆ ఫలితం అయిపోయింది."

"మీరు నవ్వకుండ్రి. మా అమ్మమ్మ ఉంటే ఇక్కడనే తలస్నానం చేయిస్తుండె."

"బల్లి కాదే అది. కప్పకు చుట్టం."

అమ్మాయి నమ్మలేదు. మా కళ్ళుగప్పి కారు దగ్గరికి వెళ్ళి, చేతులకు శానిటైజర్ బాగా రుద్దుకుని వచ్చింది. తర్వాతి పలక కింద దొరికినదాన్ని ధైర్యంగా అరచేతిలోకి తీసుకుంది. అది మెలితిరిగింది. కాసేపటికి కదలడం మానేసింది. నా భార్య ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"దానికి ఊపిరితిత్తుల్లేవమ్మా. చర్మంతోనే ఊపిరి తీసుకుంటుంది. ఒళ్ళంతా ముక్కే."

అమ్మాయి తిరిగొచ్చే దారి పొడుగునా ఏడ్చింది. మళ్ళీ శనివారం తనే ఫోన్ చేసి, "వస్త ఆంటీ, ఉత్త నీళ్ళతోనే కడుక్కుంట" అంది. ఆ తర్వాత వచ్చిన కొత్తవాళ్ళందరి చేతా కారు దగ్గరే చేతులు చాపించి వాసన చూసేది ఆ అమ్మాయే.

ఊపిరితిత్తులు లేని ప్రాణుల మీద ఇన్నేళ్ళు పనిచేసిన మనిషికి జబ్బు ఊపిరితిత్తుల్లోనే వచ్చింది. దాని మీద ఆమె ఒక్కసారే పరాచికం ఆడింది. "నాక్కూడా ఒళ్ళే ముక్కయితే బావుండేది కదండీ." నేను నవ్వలేదు. "ఈయన ఎప్పుడూ ఇంతే" అని నర్సుకు ఇంగ్లీషులో ఫిర్యాదు చేసింది.

రోజూ ఒకటే అడిగేది. "చెట్లు ఉంచుతారటా?" డిసెంబరులో మేనేజరు ఫోన్ చేశాడు. ఆమె దగ్గర నేను ఏదీ దాచలేను.

"కొట్టేస్తారట."

దిండు మీద కొంచెం పైకి జరిగింది.

"ఎప్పుడు?"

"ఈ చలికాలమే."

"నేల గడ్డకట్టాక అయితే కొంత నయం. యంత్రాల కింద మట్టి నలగదు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "పలకలు మాత్రం తీసేయనివ్వకండి. ఎండ పడ్డాక వాటికి ఇంకేం నీడ ఉంటుంది?"

నేను మేనేజరుకు చెప్పాను. పలకలు తీయలేదు. చెట్లు జనవరిలో కొట్టారు.

ఏప్రిల్‌లో కరీంనగర్ అమ్మాయి వచ్చి, "నేను డ్రైవ్ చేస్త అంకుల్, మీరు కూసోండ్రి" అంది. వెళ్ళాం. పల్లం గుర్తుపట్టలేకపోయాను. అంత వెలుతురు అక్కడ ఎన్నడూ లేదు. అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని పలకలు ఒక్కొక్కటే లేపి చూసింది.

"ఏం లేవంకుల్. ఇంక చలి ఉంది కదా, లోపల్నే ఉన్నయేమో."

"ఉండొచ్చు" అన్నాను.

పక్కనే కొట్టేసిన మేపుల్ చెట్ల మొదళ్ళు. వాటి పైభాగం తడిగా మెరుస్తోంది. వాన అనుకున్నాను. వాన పడలేదు. కింద వేళ్ళకు ఇంకా కబురు అందలేదు. ప్రతి వసంతంలో లాగే నీరు పైకి తోడుతున్నాయి. అది కోసిన చోట ఊరి, అంచు దాటి, బెరడు మీదుగా మంచులోకి కారుతోంది.