ఇంటికొక బార

మొన్న సోమవారం పెనుకొండ సంతకు పోయివచ్చిన మా మరిది వాకిట్లోనే నిలబడి చెప్పాడు, మా గ్రామసేవికమ్మ ధర్మవరంలో తమ్ముడింట్లో కన్నుమూసిందని. చేతిలో చేట పట్టుకుని అట్లే కూర్చుండిపోయాను.

ఆమె మా ఊరికి వచ్చేనాటికి నేను కొత్త కోడలిని. బస్సు దిగి రెండు మైళ్ళు గొడుగు వేసుకుని నడిచొచ్చి, మా అరుగు మీదే మహిళా మండలి మొదలుపెట్టింది. నోరు తెరవని వాళ్ళ వైపే తిరిగి "నువ్వేమంటావమ్మా?" అనేది. అని ఊరుకునేది. బదులు వచ్చేదాకా ఇంకో మాట ఎత్తేది కాదు. ఆ ఇంట్లో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. నేనేం చెప్పానో గుర్తులేదు గానీ, నాకోసం ఆగింది చూడండి, అది మరిచిపోలేదు.

మండలి తరఫున మంచినీళ్ళ బావి తవ్వాం. ఊరి బయటి ఆరిళ్ళ ఆడవాళ్ళూ మాతో సమానంగా మట్టి మోశారు. బావికి ఒకటే చేంతాడు, దానికి ఇంటికొక బార పేనివ్వాలన్నది మా అత్త పెట్టిన తీర్మానం. బారంటే రెండు చేతులు చాచినంత పొడవు. ఎక్కువిచ్చి పెత్తనం చేయకూడదు, తక్కువిచ్చి తప్పించుకోకూడదు అంది. అందరం వేలిముద్రలేశాం.

తీరా నీళ్ళు పడ్డాక, ఆ ఆరిళ్ళ వాళ్ళు తాడు ముట్టరాదని అత్తే అడ్డం తిరిగింది. గ్రామసేవికమ్మ వాదించలేదు. కిత్తలి మట్టలు చీరి తీసిన కిత్తనారతో ఊళ్ళోవాళ్ళు పేని తెచ్చిన బారలన్నీ కూర్చుని తానే కలిపింది. నేతగాళ్ళ బిడ్డ కదా, అతకడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. "అతుకు కనపడితే సిగ్గు లేదమ్మా, ఊడితేనే సిగ్గు" అనేది.

మొదటి బిందె దించాం. నీళ్ళకు నాలుగు బారల పైనే ఆగిపోయింది.

ఇంటికి ఇంకో బార ఇద్దామన్నారెవరో. గ్రామసేవికమ్మ తీర్మానాల పుస్తకం తెరిచి, ఇంటికొక బారే అన్న తీర్మానం కింద అత్త వేలిముద్ర చూపించింది. "నువ్వేమంటావమ్మా?" అని ఎప్పటిలాగే ఊరుకుంది.

అవతల ఆ ఆరిళ్ళ ఆడవాళ్ళు ఖాళీ కడవలతో నిలబడి ఉన్నారు. అత్త కాదంటే వాళ్ళకు మళ్ళీ వంక ఇసుకలో తవ్వుకునే చెలమే గతి. అత్త బావిలోకి తొంగి చూసింది.

"వాళ్ళనూ పేనుకోని రమ్మనండి" అంది.

లోతు నీకు ముందే తెలుసా అని తర్వాతెప్పుడో గ్రామసేవికమ్మను అడిగాను. నేతగాళ్ళ పిల్లకు కొలత తెలీకుండా ఉంటుందా అని నవ్వింది.

ఏటా తాడు అరిగినప్పుడల్లా తన బార ఒకటి పేనుకుని వచ్చేది. అత్త తీసుకునేది కాదు. "ఇంటికొక బార. నీకు ఈడ ఇల్లు యాడుండాదమ్మా?" అని ఎగతాళి చేసి, అన్నం పెట్టి పంపేది.

మొన్న మరిది మాట విని అత్త లేచింది. మూలనున్న కిత్తనార తీసి, వాకిట్లో కూర్చుని పేనడం మొదలుపెట్టింది.

"మనింటి బార ఇచ్చేసినాం కదత్తా" అన్నాను.

"ఇది మనింటిది కాదు. ఆయమ్మది."

ఇప్పుడు మా చేంతాడు ఒక బార ఎక్కువ. బిందె నీళ్ళలో మునిగాక కూడా ఆ కొత్త నార తెల్లగా, గట్టు మీద మా కాళ్ళ దగ్గర చుట్టుకుని ఉంటుంది.