శనగ వేళ్లకు బుడిపెలు కట్టని ఏడాది

మా సైన్సు టీచరు గారు ఇక లేరని ఆమె చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను మిరపతోటలో మందు కొడుతున్నాను. పంపు దించి గట్టు మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు. ఆమె విషయంలో నేను చేసిన తప్పు ముందు గుర్తొచ్చింది. అది దాచి ఆమె మంచితనం గురించి ఎంత రాసినా మీకు అబద్ధం చెప్పినట్టే.

ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్లోనే, కూలికి పోయే ఇంట్లో పుట్టారామె. చర్చి హాస్టల్లో చదువుకుని మా బడికే టీచరుగా వచ్చారు. రిటైరయ్యాక వంటింట్లో గాజుగొట్టాల్లో బాక్టీరియాను పెంచేవారు. ఎప్పుడో ఒక శనగ వేరు బుడిపెలోంచి తీసి, పెరుగుతోడులా కాపాడుకుంటూ వచ్చిన మూలమది. దాన్ని బొగ్గుపొడిలో కలిపి ప్యాకెట్లు కట్టి రైతులకిచ్చేవారు. బెల్లంనీళ్లతో విత్తనాలకు పట్టిస్తే అవి వేళ్లలో చేరి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి.

“మొక్క వాటికి తిండి పెడుతుంది, అవి మొక్కకు పెడతాయి. మధ్యలో నువ్వు యూరియా గుమ్మరిస్తే, ఇక మొక్క వాటిని పిలవదురా” అనేవారు. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక బ్లేడు. బుడిపె కోసి, లోపల ఎర్రగా కనిపిస్తే, “పనిలో ఉన్నాయి” అని మురిసిపోయేవారు.

ఎప్పుడూ పత్తీ మిరపే వేసే మా చేలల్లో ఒక ఏడాది శనగ వేశాం. ప్యాకెట్లు పంచే పని నాకప్పగించి, “నీడన పెట్టరా, ఇవి ప్రాణమున్నవి” అన్నారు. నేను ఎండకు కాగే రేకుల షెడ్డులో మూడు రోజులు వదిలేశాను. తర్వాత ఏమీ ఎరగనట్టు పంచేశాను.

పైరు పసుపు పచ్చగా లేచింది. పీకి చూస్తే వేళ్లు ఒక్క బుడిపె లేకుండా నున్నగా ఉన్నాయి.

“ఏం టీచరుగారూ, మా చేత ఉత్త బొగ్గు పూయించారా?” ఒక రైతు అందరి ముందూ అరిచాడు.

“పొరపాటు నాదేనండీ. కాస్త యూరియా వేయండి, పంట దక్కుతుంది” అన్నారామె. ఆ నోటితో ఆ మాట అనిపించింది నేనే. పక్కనే ఉండి తల దించుకున్నాను.

మూలమే బలం తగ్గిందనుకుని, ఆమె దాన్ని కుక్కరులో ఉడికించి పారబోశారు.

మరుసటి వర్షాలకు గానీ నాకు నోరు పెగల్లేదు. ఆమె గాజుగొట్టాలు కడుగుతూ విన్నారు.

“ఎన్ని రోజులుంచావు?”

“మూడండీ.”

కుళాయి కట్టేశారు. “అప్పుడే చెప్పుంటే దాన్ని పారబోసేదాన్ని కాదు కదరా” అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత రెండు చలికాలాలు కొత్త మూలం కోసం నా బండి వెనక కూర్చుని సింగరాయకొండ దాకా శనగచేలు తిరిగారు. చివరికి ఒకటి దొరికింది. “పాతదానంత చురుకు లేదు” అని మాత్రం అన్నారు. అయినా కొత్త ప్యాకెట్లు కట్టగానే మొదటి పెట్టె నా చేతికే ఇచ్చారు.

సమాధి దగ్గర్నుంచి ఇంటికి వచ్చాక ఆమె చెల్లెలు ఫ్రిజ్ తెరిచి చూపించారు. కూరగాయల పక్కన, పేర్లు రాసిన గాజుగొట్టాలు నిలబెట్టి ఉన్నాయి.

“వీటిని ఏం చేయాలయ్యా? నాకేం తెలీదు.”

నాకూ తెలియదు. ఏదో చెప్పబోతుంటే కరెంటు పోయింది. తలుపు మూసి, మళ్లీ ఎవరూ తెరవకుండా దానికి అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. లోపల మోటారు చప్పుడు లేదు. బయట ఎండ కాస్తూనే ఉంది.