చూనా అంటే ఛుహీ తెచ్చాడు

మా అత్తగారు వరహాలమ్మ ఇరవై తొమ్మిదేళ్లు రైల్వే క్వార్టర్స్‌లోనే వండింది. అక్కడ గోడకి మేకు కొట్టాలన్నా మామగారు దానయ్య ఆఫీసులో అడగాలి. వాళ్లు వేసిందే రంగు. అందుకే ఆయన రిటైరై ఈ హిందీ ఊళ్లోనే, గుఢియారీ పేటలో ఇల్లు కట్టగానే ఆవిడ ఒక్కటే అడిగింది: వంటింటి నిండా నున్నటి తెల్ల టైల్స్.

నేనేమో ఫోన్‌లో ఫ్రాన్స్ పల్లెటూళ్ల వంటిళ్లు చూసి పిచ్చెక్కి ఉన్నాను. సున్నపు గోడలు, తలుపుల్లేని చెక్క అరలు, కొక్కేలకి వేలాడే రాగి గిన్నెలు. బొమ్మ చూపిస్తే ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది.

"ఓలమ్మో! మా కన్నోరి వంటిల్లు ఇలాగే ఉండీది. అందులోంచి బయటపడ్డానికి నాకు నలభయ్యేళ్లు పట్టినాది. మళ్లీ అందులోకే తోస్తావేటే ఫణీ?"

నా మొండితనం సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయన సంచీ పట్టుకుని బజారుకి పోయాడు, బతకనేర్చినవాడు. చివరికి ఆవిడ "నీ ఇష్టం" అనేసి, మూడు రోజులు వంటింటి గడప తొక్కలేదు. "నాకంటూ ఓ వంటిల్లు ఉంటాదనుకున్నాను" అని మామగారితో అంటుంటే విన్నాను. అయినా పని ఆపలేదు, అంత రాక్షసిని.

పెయింటర్ మహేంద్రతో "చూనా లానా, ఏక్‌దమ్ గావ్ జైసా" అని చెప్పాను, సున్నం తెమ్మని, అచ్చం పల్లెటూరిలా ఉండాలని. మర్నాడు బస్తాతో దిగాడు. విప్పితే సున్నం కాదు, ఛుహీ. ఇక్కడి పల్లెల్లో మట్టిగోడలకి పూసే తెల్లమట్టి.

"చూనా బోలీ థీ నా!" అని ఎగిరిపడ్డాను.

"దీదీ, గావ్ మా తో ఛుహీచ్ లగాథే," అన్నాడు. పల్లెల్లో పూసేది ఛుహీయేనట. పల్లెటూరిలా ఉండాలన్నది నేనేనట! పైగా అది పూయడం తనకి రాదట, ఊళ్లో ఆడవాళ్లే పూస్తారట.

నా కేకలకి అత్తగారు వచ్చింది. మట్టిని వేళ్లతో నలిపి వాసన చూసింది. పెళ్లయిన కొత్తలో, క్వార్టర్ రాకముందు, తిల్దాలో మట్టింట్లో అద్దెకుండేవారట. పక్కింటావిడ దగ్గర నేర్చుకుని ఆ ఇల్లంతా తనే పూసేదట.

"నా సేత్తో పూసిన గోడలు అయ్యే. మరింకే గోడా నాది కాదు," అంది. నాకు ఏడుపొచ్చింది.

"సూస్తావేటి? జిగురట్రా. సిమెంటు మీద ఉత్త మట్టి ఆగదు."

చీర ఎగదోపి, గుడ్డ ముంచి పూస్తూ పోయింది. ఆరాక గోడంతా ఆవిడ చేతి వంపులే. నా ఫోన్‌లో బొమ్మ దాని ముందు వెలవెలబోయింది.

"అత్తయ్యా, స్టవ్ వెనకాల టైల్స్ వేయిద్దాం," అన్నాను.

"ఎయ్యి. పోపు సిట్లితే మట్టి పాడైపోద్ది."

ఆ తర్వాత అరలెక్కడో కొక్కేలెక్కడో చెబుతూ మహేంద్రనీ నన్నూ పరుగులెత్తించింది. ఆవిడ వేలు చూపిన చోటల్లా మేకు కొట్టించాను.

మొన్న పక్కవీధి పార్వతమ్మగారు వచ్చి, "మీ కోడలి వంటిల్లు ఎంత బావుందండీ!" అన్నారు.

"కోడలిది కాదు, నాది," అంది అత్తగారు ఠపీమని. "కావాలంటే అదీ వండుకోవచ్చు."