చారులో కలిపే పొట్లం

ఊరూరా సారాయి అంగళ్లు ఉన్న కాలం. నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కినా. అవతలి సీట్లో ఒకాయన సద్దిగిన్నె మూత తీసి, చారన్నం వాసన చూసి, తినకుండానే మళ్లీ మూత పెట్టినాడు. సిరివెళ్ల వచ్చేదాకా అదే పని. ఆయన ఆ చారును అనుమానంగా చూస్తాంటే నా సంచి ఒళ్లోకి లాక్కున్నా. అందులో మందుల షాపాయన నూరి ఇచ్చిన పొట్లం ఉంది. మా ఆయనకు తెలీకుండా చారులో కలిపితే తాగుడు మానేస్తాడని చెప్పినాడు.

"పాసిపోయిందా అన్నా?" అని అడిగినా.

"లేదమ్మా. తాగుడు మానిపించే మందు నాకు చెప్పకుండా మా ఇంటామె చారులో కలిపింది. దాని మీద సారాయి తాగి చచ్చి బతికినా."

"మల్ల తాగుడు మానినావా?"

"యాడ మానినా? ఆమె చేతి కూడు మానినా," అని గిన్నెలోది కిటికీలోంచి పారబోసినాడు.

ఇంటికి పోయి చారన్నం వడ్డించినా. పొట్లం మా ఆయన కంచం పక్కన పెట్టి ఉన్నదున్నట్టు చెప్పినా. ఆయన పొట్లాన్ని చూసినాడు, చారును చూసినాడు, నన్ను చూసినాడు. చెయ్యి మాత్రం కంచం మీదికి రాలేదు.

మా ఇండ్లల్లో మగోడు తినకముందు ఆడది తినదు. ఆ పొద్దు ఆయన కంచంలోంచి మొదటి ముద్ద నేనే తిన్నా.