కిటికీలోంచి వేసిన తువ్వాలు

కిటికీలోంచి తువ్వాలు వేసి బస్సులో సీటు ఆపుకొనే దురాచారంపై డిపో మేనేజరుగారికి నేను ఎన్నో ఫిర్యాదులు రాశాను. కరోనా తగ్గి బస్సులు మళ్లీ తిరుగుతున్న కొత్తలో, రాజమండ్రిలో ఒకావిడ నా ముందు సీటులోకి తువ్వాలు విసిరి, తరువాత ఎక్కి దాని పక్కనే కూర్చున్నారు.

“బస్సంతా ఖాళీయే కదండీ! ఇదేం పద్ధతి?” అన్నాను.

“ఎప్పుడూ మా ఆయనే వేసేవారండి, నేను నిదానంగా ఎక్కేదాన్ని. కరోనాలో పోయారు. ఒక్కదాన్నే బస్సెక్కడం ఇదే మొదలండి. తువ్వాలు ఆయనదే.”

రావులపాలెంలో బస్సు నిండిపోయింది. ఒకాయన తువ్వాలు తీయబోతూ, “ఇక్కడెవరైనా ఉన్నారాండీ?” అని అడిగారు. ఆవిడ తల వంచుకున్నారు.

“ఉన్నారండి. మీరిలా కూర్చోండి,” అని నేను లేచి, తణుకు దాకా నిలబడే ప్రయాణించాను.