కింద చెరువు వాళ్లకి చెప్పేరా?

మా అత్తగారికి నా ఉద్యోగం ఎప్పుడూ అర్థం కాలేదు. ఉద్యోగం అని నేననలేదు, ఆవిడే అంటారు, అదీ వెటకారంగా. జీతం లేదు, సెలవు లేదు, పై అధికారి మొహం ఎలా ఉంటుందో తెలియదు. పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ చూసుకుంటూ నిలబడితే పాలు పొంగిపోతాయి, ఇదేం కొలువే తల్లీ అని ఆవిడ బాధ. నిజమే. పాలు చాలాసార్లు పొంగాయి.

అది రొయ్యల రైతుల ఆన్‌లైన్ గ్రూపు. కాట్రేనికోన నుంచి రాజోలు దాకా ఎక్కడెక్కడి వాళ్లో ఉన్నారు అందులో. రొయ్య మేత తినడం లేదనో, నీళ్ల రంగు మారిందనో ఫోటో పెట్టి అడుగుతారు. ఎవరు ఏం పెట్టినా ముందు మా దగ్గర ఆగుతుంది. మేం చూసి సరే అంటేనే అందరికీ కనబడుతుంది. మేం అంటే నలుగురం. గ్రూపులో మమ్మల్ని ‘స్టాఫ్’ అంటారు. రోజుకొకరు చొప్పున వంతులు వేసుకున్నాం, ఒకరి వంతులో ఇంకొకరు తొంగిచూడరు. నలుగురిలోనూ ఆడదాన్ని నేనొక్కదాన్నే. పెళ్లికి ముందు రెండేళ్లు రొయ్యల్ని పరీక్ష చేసే ల్యాబులో పనిచేశాను. పెళ్లయి ఈ ఊరొచ్చాక ఆ చదువంతా అటకెక్కింది. అందుకే స్టాఫ్‌గా ఉంటారా అని అడగ్గానే ఎగిరి గంతేశాను. ముక్కూ మొహం తెలియని ఏ రైతో ‘మేడంగారూ, మీరు చెప్పినట్టే చేసేను, రొయ్య మళ్లీ మేతకెక్కిందండీ’ అని వాయిస్ పెడితే ఆ పూట నాకు ఆకలేసేది కాదు. గర్వమే. దాచుకోవడం ఎందుకు?

ఇక్కడి చెరువుల వాళ్లకి ఒక అలవాటుంది. చెరువుకి తెల్లమచ్చ రోగం వస్తే ఎవరూ నోరు విప్పరు. గప్‌చుప్‌గా నీళ్లు దించేసి రొయ్య పట్టేస్తారు. ఎవరైనా అడిగితే సైజు వచ్చింది, అందుకే పట్టేశాం అంటారు. అడిగినవాడికీ సంగతి తెలుసు, ఇంకోమాట అడగడు. చావడానికొచ్చిన రొయ్య ఒడ్డుకి తేలుతుంది, దానికోసం గట్టు మీద కాకులు వాలతాయి. కాకుల్ని చూసినవాళ్లందరికీ తెలిసిపోతుంది. అయినా ఎవరూ అనరు. సముద్రం వెనక్కి తీసే పాటు సమయంలో దించిన నీళ్లు డ్రెయిన్లోకి పోతాయి. మళ్లీ పోటు వచ్చినప్పుడు దిగువనున్న కింద చెరువు వాళ్లు ఆ డ్రెయిన్లోంచే నీళ్లు తోడుకుంటారు. వారం తిరక్కుండా వాళ్ల చెరువూ పోతుంది. ఊరికి రోగం పేరు వస్తే కొనేవాళ్లు రేటు కోసేస్తారని భయం, దానికి తోడు పరువు.

ఒకసారి ఎవడో తనకి పడనివాడి మీద అక్కసుతో, ఫలానా ఊళ్లో తెల్లమచ్చ అని మా గ్రూపులో పెట్టాడు, మేమూ నమ్మి వదిలేశాం. ఆ ఊరంతా హడలిపోయి ఎదగని రొయ్యని పట్టేసుకుంది. తీరా చూస్తే రోగమూ లేదు, పాడూ లేదు. ఆ తర్వాత నేనే ఒక రూలు తెచ్చాను. రోగం పేరూ ఊరి పేరూ ఉన్న పోస్టు ఏదైనా ల్యాబు రిపోర్టు లేకుండా బయటికి వెళ్లకూడదు. మిగతా ముగ్గురూ భేష్ అన్నారు. నా తలకాయ ఇంకాస్త పెద్దదైంది.

ఆ గ్రూపులో ఒక పెద్దాయన ఉండేవారు. టైపు చేయడం రాదు, అన్నీ వాయిస్‌లే. వెనకాల చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరుగుతున్న చప్పుడు వినబడేది. ఏది అడిగినా ఆఖర్న మీరంతా బాగున్నారా అండీ అని అడిగి ముగించేవారు. ఒక సోమవారం, అది నా వంతు రోజు, పొద్దున్నే ఆయన వాయిస్ వచ్చింది.

“స్టాఫ్‌గారండీ, నా చెరువుకి తెల్లమచ్చ వచ్చిందండి. మధ్యాహ్నం పాటుకి నీళ్లు దించి పట్టేస్తున్నాను. మా కింద ఉన్నవాళ్లెవరూ వారం రోజులు డ్రెయిన్ నీళ్లు తోడుకోవద్దని అందరికీ చెప్పండి.”

ఊరి పేరు కూడా చెప్పారు. ఇన్నేళ్లలో తన చెరువుకి రోగమొచ్చిందని తన నోటితో చెప్పిన మొదటి మనిషి ఆయన. ఆయన గొంతులో అబద్ధం లేదని నాకు తెలుసు. అయినా నేను చేసిన పని, రిపోర్టు పెట్టండి, అది చూశాకే పోస్టు వెళ్తుంది అని జవాబివ్వడం. ఆయన వాదించలేదు. ‘ఆయ్, అలాగేనండి, ల్యాబు వాళ్లు మధ్యాహ్నానికి ఇస్తామన్నారు, రాగానే పెడతాను’ అన్నారు. మా వైపు మర్యాద అది. ప్రాణం మీదికి వచ్చినా ఎదుటివాళ్ల మాట తోసెయ్యలేం.

ఆ రోజే మా అత్తగారి మొక్కు. పలివెల గుడికి వెళ్లాలి. బస్సెక్కేముందు మిగతా ముగ్గురిలో ఒకరికి ఈ పూట మీరు చూసుకోండి అని ఒక్క మాట పెడితే సరిపోయేది. పెట్టలేదు. ఈ కాస్సేపట్లో ఏం మునిగిపోతుందిలే అనుకున్నాను. ఇంకోటి కూడా ఉంది, నా వంతు ఇంకొకరికి ఇవ్వడం నాకు నామోషీ. గుడి మెట్ల దగ్గర మా అత్తగారు దేవుడి ముందు కూడా ఆ ఫోనేనా అని లాక్కుని, దాని నోరు నొక్కేసి, తన చేతిసంచిలో కొబ్బరికాయల కింద పడేశారు. దర్శనమైంది, ప్రసాదమైంది, కొత్తపేటలో ఆవిడ చెల్లెలుగారింట్లో భోజనమైంది. మళ్లీ నా చేతికి ఫోన్ వచ్చింది సాయంత్రం అమలాపురం బస్సులో.

రిపోర్టు ఎప్పుడో మధ్యాహ్నమే వచ్చి కూర్చుంది. దాని కింద ఇంకో వాయిస్, ‘పెట్టేనండి, ఇంక మీరు చూసుకుంటారు కదండీ’ అని. బస్సులో కూర్చునే ఆ పోస్టుని వదిలాను. మా దాంట్లో పోస్టు మేం వదిలిన టైమే అందరికీ కనబడుతుంది, ఆయన పంపిన టైము కనబడదు. అప్పటికి పాటు అయిపోయి పోటు కూడా వచ్చేసింది.

నాలుగు రోజులకి ఒక ఫోటో వచ్చింది. పెట్టింది ఒక ఆడమనిషి. భర్త గల్ఫ్‌లో ఉంటే ఆవిడే చెరువు చూసుకుంటుంది. గట్టు నిండా కాకులు. ఒడ్డున రొయ్య తేలుతోంది, ఏంటో చెప్పండి మేడంగారూ అని అడిగింది. ఊరి పేరు చూశాను. పెద్దాయన ఊరే.

ఆ తర్వాత గ్రూపు కామెంట్లలో ఆయన మీద పడింది, కామెంట్లు మా దగ్గర ఆగవు. నీళ్లు వదిలిపెట్టి, పక్కావిడ తోడేసుకున్నాక తీరిగ్గా సాయంత్రం పోస్టు పెట్టాడు, దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు అని ఒకరు. పేరుకి పెద్దమనిషి అని ఇంకొకరు. ఆయన పొద్దున్నే చెప్పారని ఈ లోకంలో ఇద్దరికే తెలుసు, ఆయనకీ నాకూ. స్టాఫ్‌గారే ఆపారు అని ఆయన ఒక్క ముక్క అంటే చాలు. అనలేదు.

నేనూ అనలేదు. రెండు రోజులు. ఆయన్ని మరీ బూతులు తిట్టిన కామెంట్లని తీసేస్తూ కూర్చున్నాను, అదేదో ఆయనకి ఉపకారం చేస్తున్నట్టు. నిజం చెబితే ఇంకెవరూ నన్ను మేడంగారూ అని పిలవరని భయం. అంతే. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కనిపెట్టింది మా అత్తగారే. రెండు రోజులుగా పొయ్యి దగ్గరికి ఫోన్ తేవడం లేదు, పాలు పొంగడం లేదేమిటే అన్నారు. నేను పొయ్యి దగ్గరే కూలబడి ఏడ్చాను. మొత్తం చెప్పాను. నన్ను దెప్పిపొడుస్తారనుకున్నాను. ఫోన్ లాక్కున్న పాపం తనదీ అన్నారు ముందు. తర్వాత అడిగారు.

“నీ బదులు ఆయన మాట పడుతుంటే నీకు ముద్ద ఎలా దిగుతోందే?”

దిగడం లేదు. ఆ సాయంత్రమే గ్రూపులో రాశాను. పెద్దాయన పొద్దున్నే చెప్పారనీ, ఆపింది నేననీ, రిపోర్టు వచ్చాక కూడా చూడలేదనీ. ఆయన మొదటి వాయిస్ వచ్చిన టైముతో సహా పెట్టాను. మర్నాడు పొద్దున్న ఆటో కట్టించుకుని ఆయన ఊరు వెళ్లాను.

గొంతుని బట్టి భారీ మనిషి అనుకున్నాను. బక్కపల్చగా, మోకాళ్ల దాకా లుంగీ మడిచి, ఎండిన చెరువులో బ్లీచింగ్ చల్లుతున్నారు. నేనెవరో చెప్పగానే కంగారుగా చేతులు దులుపుకుని గట్టెక్కి వచ్చారు. మేడంగారు మీరు రావడమేంటండి అంటారే తప్ప ఒక్క నిష్ఠూరం లేదు. నేను క్షమించమని అడిగాను. ఆయన నా వైపు చూడకుండా, డ్రెయిన్ అవతల ఉన్న రేకుల షెడ్డు చూపించారు.

“అదే ఆవిడ చెరువండి. ఇక్కణ్ణించి కేకేస్తే పలుకుతారు. ఆ రోజు వెళ్లి గుమ్మంలో నిలబడి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదండి. మీకు చెప్పేస్తే చెప్పేసినట్టే అనుకున్నాను.”

నేను ఆ షెడ్డు కేసి చూశాను. తలుపు పక్కన ఆరేసిన చీర రంగు కూడా తెలుస్తోంది. ఆ మాత్రం దూరానికి ఆయన మాట నా ఫోన్ దాకా వచ్చి, పలివెల వెళ్లి, కొబ్బరికాయల కింద పడుకుని, అమలాపురం బస్సెక్కి తిరిగొచ్చింది.

పదండి, ఇద్దరం వెళ్దాం అన్నాను. ఆయ్ అన్నారు గానీ కదల్లేదు. నేను నడవడం మొదలుపెడితే వెనకాల వచ్చారు. ఆవిడ షెడ్డు ముందు కూర్చుని పిట్టలు వాలకుండా చెరువు మీద కట్టే వలని విప్పి చుట్టచుడుతోంది. చిన్నదే, నా ఈడుది. నా పోస్టు రాత్రే చూసిందిట. మా ఇద్దరికీ కుర్చీలు వేసి, మంచినీళ్లు ఇచ్చింది. నేను చెప్పిందంతా వింది. పెద్దాయన తల దించుకుని చెప్పిందీ వింది. కోప్పడితే బాగుణ్ణు అనిపించింది నాకు.

“మీ గట్టు మీద కాకులు నేనూ చూసేను బాబాయిగారూ. అడిగితే నొచ్చుకుంటారని అడగలేదు. పోటు వచ్చేక ఫోన్ తీసి చూసేను. గ్రూపులో ఏం లేదు. ఏమన్నా ఉంటే వాళ్లు పెడతారులే అని మోటారు వేసేసేను.”

ఆయన్ని చూస్తూనే చెప్పింది. నా వైపు తిరగలేదు, అది కూడా మర్యాదే. నేను వాళ్లిద్దరి ముందూ ఏడ్చాను. పెద్దాయన పైకండువాతో మొహం తుడుచుకున్నారు. ఆవిడ లేచి వల చుట్టడం మొదలుపెట్టింది, కాస్సేపటికి ఆయన రెండో కొస పట్టుకున్నారు.

స్టాఫ్‌లోంచి తప్పుకుంటానని మిగతా ముగ్గురికీ చెప్పాను. వాళ్లు వద్దన్నారు. అత్తగారు అస్సలు వద్దన్నారు. చేసినదానికి ఉండి పని చెయ్యాలి గానీ పారిపోవడమేంటే అన్నారు. ఉన్నాను. రూలు మార్చాం. తన చెరువు సంగతి తను చెప్పుకునేవాళ్లని రిపోర్టు అడగం. కానీ రోగం అని ఎవరు పెట్టినా, పోస్టు వదిలిన మరుక్షణం నేనే ఫోన్ చేస్తాను. కింద చెరువు వాళ్లకి చెప్పేరా అని అడుగుతాను. అందరూ ఆయ్, చెప్పేమండి అంటారు. నేను ఒప్పుకోను. ఇప్పుడే నడుచుకుంటూ వెళ్లి వాళ్ల చేతికి ఫోన్ ఇమ్మంటాను. గట్టు మీద చెప్పుల చప్పుడు వింటూ, అవతలి మనిషి గొంతు వినబడేదాకా లైన్లోనే ఉంటాను. పాలు పొంగితే మా అత్తగారు చూసుకుంటారు.