ఆదెప్ప తుడిచిన ముక్కు

2024 జూన్ 3వ తేదీన ధర్మవరంలో ఆదెప్ప ఒక కాన్వాసు మీద 480 గడులు గీశాడు.

ఆదెప్పకు ప్రపంచమంతా గళ్ల కాగితమే. నలభై ఏళ్లు పట్టుచీరల అంచులకు గడికో పోగు లెక్కన డిజైన్లు గీసినవాడు. పని మానినా లెక్క మానలేదు. ఉప్మాను సైతం గడులుగా కోసి, పైవరుస ఎడమ మూల నుంచి తినేవాడు. ఒకసారి భార్య నారాయణమ్మ మధ్యలో పచ్చడి వేస్తే, "పదకొండో గడి చెరిపితివి గదే!" అని పళ్లెం మార్చుకొచ్చాడు.

ఇప్పుడు ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవాలని, ముత్యపు కమ్మతో తల తిప్పి చూసే అమ్మాయి ఉన్న పాత విదేశీ చిత్రాన్ని ఎంచుకున్నాడు. రోజుకు పన్నెండు గడులు. నలభై రోజుల్లో పూర్తి.

"బొమ్మ పుస్తకంలో ఉండాది గదా, నన్నేంటికి కూర్చోమనేది?" అంది నారాయణమ్మ.

"అచ్చులో వెలుతురు తెలీదు. రోజూ గంటసేపు ఈడ కూర్చో. కాలు పీట మింద పెట్టు."

"గీసేది మొగం. కాలేం చేసిందయ్యా?"

"కాలు దించితే మెడ వంకర పోతాది."

నారాయణమ్మ మోకాలు వాచి అప్పటికి నెల. అరవై రోజులపాటు రోజూ గంటసేపు కాలెత్తి కూర్చోకపోతే నడక కష్టమవుతుందని డాక్టరు హెచ్చరించినా, ఆమె కండెలు చుట్టే రాట్నాన్ని వదల్లేదు. తాను లేస్తేనే కొడుకు మగ్గం ఆడుతుందని ఆమె నమ్మకం. బొమ్మకు మాత్రం కూర్చునేది, మొగుడి పిచ్చి ముదరకుండా ఉంటే చాలనుకుని.

"రెండు కండెలు చుట్టి వస్తానయ్యా."

"తొమ్మిదో గడి తడిగా ఉండాది. లేస్తే మొగమంతా కారిపోతాది!"

నలభై రోజులైనా అమ్మాయికి ముక్కు రాలేదు. యాభయ్యో రోజున ఒక కన్ను వచ్చి, మళ్లీ పోయింది. "ఆదెప్పన్నా, పిల్లకు ముక్కు పుట్టిందా?" అని వీధంతా అడగసాగింది.

యాభై ఏడో రోజు పొద్దున నారాయణమ్మ, ఆదెప్ప బొమ్మ దాచుకునే గదిలోకి మొదటిసారి తొంగి చూసింది. నిన్న చక్కగా కుదిరిన ముక్కును ఆదెప్ప టర్పెంటైన్ గుడ్డతో గడి తర్వాత గడిగా, పైవరుస ఎడమ మూల నుంచి తుడుస్తున్నాడు. గోడ మీద అరవై గడుల కాగితం. యాభై ఆరింటికి టిక్కులు, పైన "మోకాలు" అన్న శీర్షిక.

ఆమె చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చి, తానే పీట లాక్కుని కాలెత్తి కూర్చుంది. "రావయ్యా, ఈపొద్దు యే గడి?"

మరుసటి వారం డాక్టరు మోకాలు నొక్కి చూసి వాపు తగ్గిందన్నాడు. ఆ సాయంత్రమే అమ్మాయికి ముక్కు నిలిచింది, కమ్మ మెరిసింది. ఆదెప్ప కుంచెలు కడుగుతుండగా నారాయణమ్మ రెండో కాలు పీట మీద పెట్టింది.

"ఈ కాలికీ ఒక బొమ్మ మొదలుపెట్టయ్యా. ముక్కు మాత్రం తుడవాకు."